'రుజువు కాలేదు' వేరు, 'లేదు' వేరు

చట్టాన్ని కంప్యూటర్‌కు నేర్పేటప్పుడు మామూలు షరతులతో పెద్ద ఇబ్బంది ఉండదు. చిక్కంతా "తప్ప" అన్న మాట దగ్గరే.

1981 నాటి బ్రిటిష్ జాతీయతా చట్టాన్ని సెర్గాట్, కొవాల్‌స్కీ తదితర పరిశోధకులు ప్రోలాగ్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నియమాలుగా రాసి, ఆ పనిని 1986లో ప్రచురించారు. అందులో 1(2) సెక్షన్ చూడండి. ఎవరో వదిలేసిన పసికందు బ్రిటన్‌లో దొరికితే, అందుకు విరుద్ధంగా రుజువైతే తప్ప, ఆ బిడ్డ అక్కడే, పౌరుడైన లేదా అక్కడ స్థిరపడిన వ్యక్తికే పుట్టినట్టు భావించాలి. ప్రోలాగ్ విరుద్ధమైన ఆధారం కోసం వెతుకుతుంది. దొరక్కపోతే లేదనే అనుకుంటుంది.

ఇదే నియమాన్ని కోట్ల రికార్డుల మీద, పది మెషీన్లకు పంచి నడిపామనుకోండి. బిడ్డ దొరికిన రికార్డు ఒక మెషీన్‌లో, జనన రికార్డు మరోదాంట్లో పడితే, మొదటిది "ఆధారం లేదు" అని తేల్చేస్తుంది. ఎర్రర్ రాదు. జవాబు మాత్రం తప్పు. అందుకే ముందు ఒక మనిషికి సంబంధించిన డేటా వరుసలన్నీ (రికార్డులన్నీ) ఒకచోట చేర్చాలి. ఆధారాలు తేల్చే నియమాలు పూర్తిగా ముగిశాకే "తప్ప" ఉన్న నియమాన్ని నడపాలి. రెండు నియమాలు ఒకదాని వైఫల్యం (రుజువు కాకపోవడం) మీద ఇంకొకటి ఆధారపడితే ఈ క్రమం కుదరదు. అప్పుడు ఏది పైచేయో చట్టం నుంచే తీసి రాయాలి, ప్రోగ్రామర్ తన ఊహతో నిర్ణయించకూడదు.

డేటాలో ఖాళీ గడి ఇంకా ప్రమాదం. తండ్రి పేరు నింపలేదా, తెలియదా, లేదని తేలిందా? మూడింటికీ వేర్వేరు కోడ్‌లు ఉండాల్సిందే.

ఆధారం రెండేళ్ల తర్వాత కూడా రావచ్చు. కాబట్టి ప్రతి వాస్తవానికీ రెండు తేదీలు ఉంచండి: జరిగిన తేదీ, నమోదైన తేదీ. ప్రతి నిర్ణయం పక్కనా సెక్షన్ నంబరు, వాడిన వరుసలు, చట్టం ఏ నాటి పాఠమో రాసిపెట్టండి. అప్పుడు ఆ బిడ్డ పౌరసత్వం మారినా, దాని మీద నిలబడ్డ తర్వాతి తరం నిర్ణయాలనే వెనక్కి తీసుకుంటే సరిపోతుంది, మొత్తం మళ్లీ నడపక్కర్లేదు.

పత్రాల నుంచి వాస్తవాలు లాగడానికి భాషా మోడల్ (చాట్‌బాట్ల వెనక ఉండే AI) బాగా పనికొస్తుంది. తీర్పు మాత్రం నియమాలకే వదలాలి. మోడల్‌కు ఇవ్వడానికి పత్రాన్ని పదాల లెక్కన ముక్కలు కోస్తే సెక్షన్ ఒక ముక్కలో, దాని మినహాయింపు ఇంకో ముక్కలో పడతాయి. సెక్షన్ల హద్దు దగ్గరే కోయండి. మోడల్ చూపిన వాక్యం మూలంలో అక్షరం పొల్లుపోకుండా ఉందో లేదో సరిచూడండి.

పరీక్షించేటప్పుడు ప్రతి మినహాయింపుకూ మూడు కేసులు: ఆధారం ఉన్నది, లేనిది, ఆలస్యంగా వచ్చింది. వరుసలు కలగాపులగం చేసి ఒక మెషీన్ మీద, పది మెషీన్ల మీద నడపండి. జవాబులు రెండూ ఒకటి కాకపోతే, మొదట చూడాల్సింది "తప్ప" ఉన్న నియమాన్నే.