స్కీట్ మైదానం చుట్టూ ఒక పూట

రేంజ్ ఇంకా కిలోమీటరు దూరం ఉండగానే పేలుళ్లు వినిపించాయి. గేటు దగ్గరే కళ్లద్దాలు, చెవులకి మఫ్‌లు పెట్టుకున్నాం. లోపల తుపాకీని మధ్యలో తెరిచి, గొట్టాలు ఖాళీ అని అందరికీ కనబడేలా పట్టుకుని నడిచాం.

స్కీట్ అంటే గాల్లోకి విసిరే బిళ్లల్ని షాట్‌గన్‌తో పగలగొట్టే ఆట. దాని మైదానం వంపు తిరిగి ఉంటుంది. వంపు మీద ఏడు స్టేషన్లు, అంటే నిలబడి కాల్చే చోట్లు, మధ్యలో ఎనిమిదోది. బిళ్లల్ని విసిరే గదులు రెండు: ఎడమ చివర హై హౌస్, కుడి చివర లో హౌస్. 110 మిల్లీమీటర్ల బిళ్ల హై హౌస్ నుంచి 3.05 మీటర్ల ఎత్తున, లో హౌస్ నుంచి 1.07 మీటర్ల ఎత్తున బయటికొస్తుంది.

మొదటి స్టేషన్‌లో హై హౌస్ బిళ్ల తల మీదుగా దూసుకెళ్లి, దూరమయ్యేకొద్దీ కిందికి దిగుతుంది. ఇక్కడ చెంప తుపాకీ మీంచి లేచిందంటే దెబ్బ పైనుంచి పోతుంది. షాట్‌గన్‌కి గురి చూసే వెనక సైటు ఉండదు, ఆ పని చేసేది కన్నే. చెంప ఎముక తుపాకీ చెక్క మీద ఆనితేనే కన్ను రోజూ ఒకే చోట ఉంటుంది. అందుకే తలని తుపాకీ దగ్గరికి వంచకూడదు, తుపాకీనే చెంప దగ్గరికి తేవాలి.

అంతర్జాతీయ నియమాల్లో బిళ్ల కనబడేదాకా తుపాకీ మడమ, అంటే భుజానికి ఆనించే వెనక చివర, నడుము దగ్గరే ఉండాలి, బిళ్ల కోసం పిలిచాక అది మూడు సెకన్ల లోపు ఎప్పుడైనా రావచ్చు. కాబట్టి ఎత్తే పద్ధతి చాలా ముఖ్యం. కుడిచేతి వాటం వాళ్లకి ముందు కదలాల్సింది ఎడమ చెయ్యి. ఫోరెండ్ (గొట్టాల కింద ముందు చేత్తో పట్టుకునే చెక్క) కింద అరచెయ్యి, చూపుడు వేలు గొట్టం వెంబడి చాపి, బిళ్ల వైపు చూపిస్తున్నట్టు తోయాలి. కుడి చెయ్యి తొందరపడి మడమని ముందే లేపితే గొట్టం మూతి తక్కెడలా కిందికి వాలుతుంది. మడమ ఆనాల్సింది మెడ ఎముకకీ భుజం కీలుకీ మధ్యనున్న గుంటలో. దండచేతి మీద నీలం మచ్చ కనబడితే మడమ పక్కకి జారిందనే అర్థం. పట్టు కరచాలనమంత చాలు, బిగిస్తే చేతులు వణుకుతాయి. ట్రిగ్గర్ మీద వేలి మొదటి కణుపు మెత్తభాగం.

ఎక్కువసేపు ఆగింది నాలుగో స్టేషన్‌లో. హై హౌస్ బిళ్ల ఎడమ నుంచి కుడికి అడ్డంగా సాగుతుంది. చాలామంది బిళ్ల వచ్చే కిటికీ వైపు పాదాలు పెడతారు, తప్పు అక్కడే. కుడికి తిరిగేసరికి నడుము మధ్యలోనే పట్టేస్తుంది, భుజం వాలిపోతుంది, గొట్టం ఆగిపోతుంది, దెబ్బ బిళ్ల వెనక పడుతుంది. బిళ్లని ఎక్కడ పగలగొట్టాలనుకుంటే బొడ్డు అటు ఉండేలా నిలబడి, ఆ తర్వాత నడుం పైభాగాన్ని కిటికీ వైపు తిప్పుకోవాలి. అప్పుడు బిగువంతా వెనక్కి తిరిగేటప్పుడే ఉంటుంది, గొట్టం సాగే దారి వదులవుతుంది. పాదాల మధ్య భుజాలంత ఎడం లేదా కాస్త తక్కువ, ఎడమ కాలు ముందు, మోకాలు కొద్దిగా సడలి, బరువులో సగానికి పైగా దాని మీదే. ముక్కు ఆ కాలి బొటనవేలి మీదికి రావాలి. పేల్చాక కూడా తిరగడం ఆపకూడదు.

ఎనిమిదో స్టేషన్‌లో బిళ్ల మన తల వైపే వస్తుంది, మధ్య గీత దాటకముందే కొట్టాలి. అక్కడ ఒళ్లు దానంతటదే వెనక్కి వాలుతుంది. మడమ మెత్తగా గుంటలోంచి జారిందంటే బరువు వెనక కాలి మీదికి వెళ్లిపోయినట్టే. ముందు కాలి మోకాలు సడలించుకుని మళ్లీ నిలబడి, అప్పుడు పిలవాలి.