ఎన్ని గోల్స్ కొట్టిందే నీ బిడ్డ?

ప్రతి ఆదివారం హన్మకొండ నుంచి వాట్సాప్ కాల్‌లో మా చిన్నమ్మ అడిగే మొదటి ప్రశ్న ఇది. నా దగ్గర సరైన జవాబు ఉండదు. మా అమ్మాయికి 12 ఏళ్లు, ఇంగ్లండ్‌లో అమ్మాయిల ఫుట్‌బాల్ టీంలో సెంటర్ బ్యాక్ ఆడుతుంది, అంటే గోల్‌కీపర్ ముందు నడిమధ్యలో నిలబడి అవతలివాళ్లను ఆపే ప్లేసు. పోయిన సీజన్ మొత్తం కలిపి ఒక్క గోల్, అదీ కార్నర్ కిక్‌కి అందరూ గుంపుగా ఎగిరినప్పుడు ఎవరి మోకాలికి తగిలి పోయిందో దానికే సరిగ్గా తెలియదు.

నిజం చెప్పాలంటే నాకూ నచ్చలేదు మొదట్లో. కోచ్ దాన్ని ముందు నుంచి తీసి వెనకాల పెట్టినప్పుడు, మనవాళ్ల పిల్ల కదా అందుకే వెనక్కి తోశాడని రెండు వారాలు లోపల్లోపలే ఉడికిపోయాను. చివరికి దాన్నే అడిగితే "నాకు అక్కడే ఇష్టం మమ్మీ, అంతా కనిపిస్తది" అంది.

పోయిన జులైలో సెలవులకు హన్మకొండ వచ్చాం. చుట్టాలందరూ కూర్చున్నప్పుడు చిన్నమ్మ మళ్లీ అదే అడిగింది. మా అమ్మాయి ఓపికగా చెప్పడం మొదలుపెట్టింది: ఇద్దరు సెంటర్ బ్యాకులుంటే ఒకరు గోల్ కొట్టడానికొచ్చే అవతలి ఫార్వర్డ్‌ను అంటిపెట్టుకుని ఉంటారు, వాళ్లు స్టాపర్ లెక్క, ఇంకొకరు కొంచెం వెనక ఉండి తప్పించుకొచ్చిన బంతిని ఊడ్చేస్తారు, నేను ఎక్కువ స్వీపర్ లెక్క ఆడుతా అని. అంతే, చిన్నమ్మ చేతిలో చాయ్ కప్పు ఆగిపోయింది. "స్వీపరేందే! అంత దూరం పోయి స్వీపరా?" అందరూ నవ్వారు. పిల్ల నవ్వలేదు. "స్వీపర్ అయితే ఏమైతది అమ్మమ్మా?" అని అడిగింది, ఎవరూ ఏం మాట్లాడలేదు, నేను కూడా. తర్వాత తనే, ఇటలీవాళ్లు ఆ ప్లేసును లిబెరో అంటారు, అంటే ఎవరికీ కట్టుబడి ఉండక్కరలేదు అని, 1974 వరల్డ్ కప్ గెలిచిన పశ్చిమ జర్మనీ కెప్టెన్ బెకెన్‌బావర్ అక్కడి నుంచే బంతి తీసుకుని ముందుకు పోయేవాడు అని చెప్పింది. చిన్నమ్మ మాత్రం "ఏమో బిడ్డా" అనుకుంటూ లేచి వంటింట్లోకి పోయింది.

ఈ ముచ్చటలన్నీ పట్టినవాడు మా బాపు. పరకాల దగ్గర మా ఊళ్లో కబడ్డీ ఆడిన మనిషి, ఫుట్‌బాల్ అంటే అప్పటి ఇండియా టీం కోచ్, హైదరాబాద్ రహీం సాబ్ ఒక్కడే తెలుసు ఆయనకు. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో తల పగిలి కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం సాబ్ ఫైనల్లో ముందుకు పంపించి ఆడిస్తే అతనే ఒక గోల్ కొట్టాడు, దక్షిణ కొరియా మీద 2–1తో గోల్డ్ మెడల్ వచ్చింది. ఆ కథ మనవరాలికి మూడుసార్లు చెప్పాడు.

బాపుకు వచ్చిన డౌటు వేరే. అక్కడి ముసలి కోచ్ ఆ ప్లేసును సెంటర్ హాఫ్ అంటాడట. "హాఫ్ అంటె నడుమ గద, వెనకాల నిలబడేటోనికి ఆ పేరెందుకు?" దానికి మా పిల్ల కాయితం తీసి చుక్కలు పెట్టింది. పాతకాలంలో వెనక ఇద్దరు బ్యాకులు, నడుమ ముగ్గురు హాఫులు, ముందు ఐదుగురు. 1925లో ఆఫ్‌సైడ్ రూల్ మారింది. అప్పటిదాకా బంతి అందుకునేవాడికీ గోల్ లైనుకూ మధ్య అవతలి టీంవాళ్లు ముగ్గురు ఉండాలి, ఇద్దరు చాలన్నారు, దాంతో గోల్స్ మీద గోల్స్. ఆర్సెనల్ మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్ వాళ్లు నడుమ హాఫ్‌ను వెనక్కి లాగి ఇద్దరు బ్యాకుల మధ్యన నిలబెట్టారు. మనిషి జరిగాడు, పేరు జరగలేదు. బాపు కాసేపు చూసి "వరంగల్‌ల పోచమ్మ మైదాన్ల ఇప్పుడు మైదానమున్నదా, గట్లనే" అన్నాడు.

ఆ కాయితం మీదే ఆయన కబడ్డీ గీశాడు. రెండు చివర్లలో కార్నర్లు, వాళ్లకు లోపలి వైపు కవర్లు. కూతకొచ్చినోడు కాలు లోపల పెట్టేదాకా కవర్ ఆగాలె, ముందే దుమికితే వాడు పక్కనుంచి జారిపోతడు. మా పిల్ల లేచి నిలబడింది. "మా కోచ్ కూడా అదే అంటడు తాతా! డైవ్ ఇన్ చేయొద్దు, స్లోగా వెనక్కి జరుగుతూ వాణ్ని పక్కకు తోలాలె." ఒక్క దగ్గరే కొట్లాట అయ్యింది. బాపు నడుం చూడమంటాడు, ఇది బంతి చూడాలంటుంది. ఇప్పటికీ తెగలేదు.

సాయంత్రాలు ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు తీసుకుపోయేవాడు. ముసురు, బురద, ఎవరో పిల్లలు ఆడుతుంటే దీన్ని కూడా కలుపుకున్నారు. మొదటిరోజు ఇది వెనక నుంచి "మ్యాన్ ఆన్! మ్యాన్ ఆన్!" అని అరిచింది, వెనక నుంచి మనిషి మీదికొస్తున్నాడని దాని అర్థం, ఒక్కడు తిరిగి చూడలేదు, బంతి పోయింది. గట్టు మీద మక్క కంకి కొరుక్కుంటూ కూర్చున్న బాపు "ఇంగ్లీష్ల ఒర్రితె ఎవనికి సమజైతది? వెనకాల ఉన్నడు అను" అన్నాడు. తెలుగులో మాట్లాడితే కజిన్స్ నవ్వుతారని ఇంట్లో తలూపడంతోనే సరిపెట్టే పిల్ల అది. కానీ సెంటర్ బ్యాక్ నోరు మూసుకుని ఉంటే నడవదు, మైదానమంతా కనిపించేది దానికే, వెనక ఆడేవాళ్ల లైను ఎప్పుడు ముందుకు జరగాలో చెప్పాల్సిందీ అదే. మూడో రోజుకు గేటు దగ్గరికే వినిపించింది: "వెనకాల ఉన్నడు! జరుగు, జరుగు! అరే, వాణ్ని ఇడువకు!"

మేం తిరిగొచ్చాక మొదటి మ్యాచ్ అయిన ఆదివారం చిన్నమ్మ ఫోన్. ప్రశ్న అదే. పిల్ల నా చేతిలోంచి ఫోన్ లాక్కుని బొంగురు గొంతుతో "వాళ్లవి సున్నా, అమ్మమ్మా" అంది.

"గొంతుకేమైందే దానికి? పాలల్ల మిరియాలేసి తాపియ్యి" అంది చిన్నమ్మ.