మోచేతి దగ్గర నలిగిన నరం

నా ఎడమ చేతికి తిమ్మిరి ఎప్పుడూ వయొలిన్ మీద తారస్థాయి, అంటే పై స్థాయి స్వరాలు వాయించేటప్పుడే మొదలయ్యేది. కర్ణాటక సంగీతంలో వయొలిన్‌ను మఠం వేసుకొని కూర్చొని, అడుగు భాగాన్ని ఎడమ రొమ్ముకు ఆన్చి, తల భాగాన్ని కుడి పాదం మీద మోపి వాయిస్తాం కనుక ఎడమ చెయ్యి వాద్యం బరువు మోయనక్కరలేకుండా స్వరం నుంచి స్వరానికి జారే జారులకూ, స్వరాన్ని ఊపే గమకాలకూ తీగ పొడవునా స్వేచ్ఛగా తిరుగుతుంది. అయితే స్వరం పైకి వెళ్లేకొద్దీ చెయ్యి ఒంటి వైపుకు జరిగి మోచెయ్యి మరింత ముడుచుకుంటుంది. గాయకుడు తారషడ్జం, అంటే పై "స" మీద నిలిచినంతసేపూ పక్కవాద్యం వాడినైన నేనూ అక్కడే నిలవాలి. ఆ నిలుపులోనే చిటికెన వేలూ, ఉంగరపు వేలిలో దాని పక్కనున్న సగమూ మొద్దుబారేవి.

నా వాయింపులో గమకాల బరువంతా చూపుడు వేలు, మధ్య వేళ్లదే కనుక కొన్నాళ్లు సభలో ఎవరికీ తెలియలేదు. ఉంగరపు వేలితో పట్టవలసిన మధ్యమాన్ని మధ్య వేలినే జార్చి పట్టుకునేవాణ్ణి. తోడి, భైరవి రాగాల్లో అది అందంగానే ఉండేది గాని, అప్పటికప్పుడు అల్లుకుంటూ వేగంగా వాయించే కల్పనస్వరాల్లో వేళ్ల మధ్య ఎడం చాలక శ్రుతి కాస్త తగ్గేది.

మొదట చూసిన వైద్యుడు మెడ ఎముకల అరుగుదల అని చెప్పి కాలరు పెట్టించారు. నాకు మెడ నొప్పి లేనే లేదు. తర్వాత వెళ్లిన నరాల వైద్యుడు ఒక కాగితం నా బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఉంచి, "గట్టిగా పట్టుకోండి మాస్టారూ" అని లాగారు. కుడి చేతిలో కాగితం కదలలేదు. ఎడమ చేతిలో దాన్ని ఆపడానికి బొటనవేలి కొస దానంతటదే వంగిపోయింది. ఆ రెండు వేళ్ల మధ్యనుండే కండ పలచబడి గుంటలా దిగిన సంగతి ఆయన చూపిస్తే గాని నా కంట పడలేదు. సన్నటి కరెంటు షాకులిచ్చి చేసే నెర్వ్ కండక్షన్ పరీక్షలో విషయం తేలింది: మోచేతి లోపలి ఎముక వెనుక నుంచి దిగే అల్నార్ నరం అక్కడి ఇరుకు దారిలో నలుగుతోంది. క్యూబిటల్ టన్నెల్ సిండ్రోమ్ అన్నారు. మోచెయ్యి ముడిచిన కొద్దీ ఆ నరం సాగి, దాని మీద ఒత్తిడి పెరుగుతుందట.

కండ తగ్గడం మొదలైంది కనుక ఆపరేషన్ చేసి ఆ దారిని వెడల్పు చేశారు. దెబ్బతిన్న నరం మళ్లీ పెరిగేది రోజుకు సుమారు 1 మిల్లీమీటరు మాత్రమేననీ, మోచేతి నుంచి అరచేతి దాకా ఆ లెక్కన చూసుకోమనీ సర్జన్ చెప్పినప్పుడు, ఒప్పుకున్న కచేరీలన్నీ వదులుకోక తప్పలేదు.

పాఠాలు మాత్రం ఆగలేదు. నేను చదువుకున్న విజయనగరం సంగీత కళాశాలలో 1919 నుంచి బోధించి, 1936లో ప్రిన్సిపాల్ అయిన వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారి నాదం గురించి మా గురువులు చెప్పే మాటలన్నీ చివరికి కుడి చేత్తో తీగల మీద లాగే కమాను దగ్గరికే చేరేవి. రొమ్ముకూ పాదానికీ మధ్య నిలబడే వాద్యం కనుక, కట్టు కట్టిన ఎడమ చెయ్యి పక్కన పెట్టుకొని, కుడి చేత్తో షడ్జ పంచమాల తీగల మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా కమాను లాగి చూపించేవాణ్ణి. స్వరం నోటితో పాడేవాణ్ణి. నా వేళ్లను చూసి వాయించడానికి అలవాటుపడిన పిల్లలు మొదట తడబడ్డారు. తర్వాత వాళ్ల గమకాలు నా గమకాల్లా కాకుండా, పాటకు దగ్గరగా రావడం మొదలైంది. నిజానికి నాకది కొంచెం అసూయగానే ఉండేది.

ఇప్పుడు కచేరీలు చేస్తున్నాను. చిటికెన వేలి కొసన స్పర్శ పూర్తిగా రాలేదు, ఇక రాదేమో కూడా. రాత్రి మోచెయ్యి ముడుచుకోకుండా తువ్వాలు చుట్టుకొని పడుకుంటాను, ఫోన్ స్పీకర్‌లో మాట్లాడతాను, కీర్తనకూ కీర్తనకూ మధ్య చెయ్యి చాపుతాను. పాఠం మధ్యలో పిల్లల చేత కూడా వాద్యం దింపించి చేతులు చాపిస్తున్నాను. అది చూసి ఒక పిల్లవాడి తల్లి, "ఇది కూడా పాఠం గంటలోకే వస్తుందాండీ మాస్టారూ?" అని అడిగారు. వస్తుందమ్మా అన్నాను.