తోలూ తీగా తాకే చోట

ఇంట్లో తోలుతో లోలాకులు చేయాలనుకునేవారు ఎక్కువగా ఆకారం గురించీ, రంగు గురించీ ఆలోచిస్తారు. నన్నడిగితే, ఆ లోలాకు నాలుగు కాలాలు నిలుస్తుందా లేదా అన్నది తోలుకూ తీగకూ పొత్తు కుదిరే చిన్న రంధ్రం దగ్గరే తేలిపోతుంది.

బజారులో దొరికే తోలులో అధికభాగం క్రోమియం లవణాలతో పదును చేసినదే. అది మెత్తగా ఉండి సంచులకు బాగుంటుంది గాని, తడిపి వంచితే ఆ వంపు నిలవదు. చెట్ల బెరడులోని టానిన్లతో పదును చేసిన తోలు అలా కాదు; దానిని తడిగుడ్డతో అద్ది, మధ్య ఈనె దగ్గర వేళ్లతో నొక్కి, ఆకులా మలిచి నీడన ఆరబెడితే గట్టిపడి అదే రూపంలో ఉండిపోతుంది. బతుకమ్మలో మనం పేర్చే తంగేడు పూల మొక్క బెరడు కూడా దక్షిణాదిన తరతరాలుగా తోళ్ల పదునుకు వాడుతూ వచ్చినదే. లోలాకులకు 1 నుంచి 1.5 మిల్లీమీటర్ల మందం చాలు. వేలెడు పొడవున్నా చెవిని లాగకపోవడమే తోలు నగలోని సుఖం.

అయితే ఈ టానిన్ ఇనుముతో కలిస్తే నలుపెక్కుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో టానిన్ ఉన్న కరక్కాయ రసంలో ముంచిన బట్ట మీద, బెల్లం నీటిలో ఇనుప ముక్కలు నానబెట్టి తీసిన ద్రావణంతో గీస్తే నల్లని గీత పడటం ఈ గుణం వల్లనే. అక్కడ అది కళ. లోలాకులో మాత్రం ఇనుప తీగ చుట్టూ చెమటకు వ్యాపించే మచ్చ. రాగి, ఇత్తడి తీగలు నలుపుకు బదులు పచ్చని చిలుమును వదులుతాయి. అందుకే నేను మోటారు వైండింగుకు వాడే, పైన ఎనామెల్ పూత ఉన్న రాగి తీగనే ఎంచుకుంటాను. పూత చెదరనంత వరకు లోహం తోలును తాకదు. రంధ్రం అంచుకు కాస్త తేనెమైనం రుద్దితే మరింత మేలు. ఈ తీగను మెత్తబరచడానికని మంట మీద పెట్టకూడదు, పూత కాలి పొగ వస్తుంది.

చెప్పులు కుట్టేవారి ఆరెతో రంధ్రం చేసి, అంచు నుంచి కనీసం 3 మిల్లీమీటర్లు వదలాలి. 20 గేజి తీగ సరిపోతుంది. మన దుకాణాలు పాటించే బ్రిటిష్ తీగ మందం కొలత, ఎస్‌డబ్ల్యూజీ లెక్కలో అది సుమారు 0.9 మిల్లీమీటర్లు, అమెరికా వీడియోలలో చెప్పే 20 గేజి అంతకంటే కొంచెం సన్నం. తీగను లంబకోణంలో వంచి, గుండ్రని మొనల పటకారు మీదుగా తిప్పి, రంధ్రంలో దూర్చాక, మిగిలిన కొసను ఆ తీగ వంపు మెడ చుట్టూ రెండు మూడు చుట్లు ఒకదాని పక్కన ఒకటి పడేలా బిగించాలి. పటకారుతో గట్టిగా పట్టి లాగితే పూత గీసుకుపోతుంది కనుక దాని మొనలకు గుడ్డ చుట్టుకోవడం మంచిది.

చెవిలో దూరే కొక్కేనికి మాత్రం వెండి తీగే వాడతాను, ఎందుకంటే చౌక కొక్కేలలోని నికెల్ చాలామందికి దురద తెస్తుంది. దాని కొసను సన్నని ఆకురాయితో గుండ్రంగా అరగదీసి, పాత నూలుచీర కొంగు మీద గీసి చూస్తాను. పోగు లేస్తే మళ్లీ ఆకురాయి అందుకుంటాను.