పేజీకి ఇంత అని లెక్క కడితే

నేను రాసేవి పొట్టి కథలు. పది పన్నెండు పేజీల్లో చెప్పాల్సింది చెప్పేసి ఊరుకుంటాను. అందుకే ఈబుక్కుల విషయంలో నా గోల నవలలు రాసే స్నేహితుల గోలలా ఉండదు.

ముందు మంచి మాట చెప్పేస్తాను. 2007 నవంబర్‌లో అమెజాన్ వాళ్ల ఈబుక్కులు చదివే పరికరం కిండిల్ వచ్చినప్పుడే, రచయిత తన ఫైల్‌ని తానే ఎక్కించుకునే వీలు కూడా వచ్చింది. అచ్చు వేయించి, కట్టలు మంచం కింద దాచి, కనిపించిన వాళ్లందరికీ అంటగట్టే బాధ తప్పింది. అచ్చుతప్పు కనిపిస్తే దిద్ది మళ్లీ ఎక్కించొచ్చు. కాపీలు అయిపోయాయనే మాటే లేదు. ఇంత స్వేచ్ఛ రచయితకి ఇంతకు ముందెప్పుడూ లేదు, ఒప్పుకుంటాను.

డబ్బు దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. 2010లో అమెజాన్ పుస్తకం ధరలో 70 శాతం రచయితకి రాయల్టీగా ఇవ్వడం మొదలుపెట్టింది. అయితే అమెరికా స్టోర్‌లో పుస్తకం ధర 2.99 డాలర్లకీ 9.99 డాలర్లకీ మధ్య ఉండాలి. అంతకన్నా తక్కువ పెడితే వచ్చేది 35 శాతమే. అంటే 2.99కి అమ్మితే రెండు డాలర్ల దాకా వస్తుంది, 99 సెంట్లకి అమ్మితే 35 సెంట్లు. ధర మూడో వంతైతే రాబడి ఆరో వంతు! ఒక్క కథని విడిగా, చవగ్గా అమ్ముకుందాం అనుకునేవాళ్లకి ఆ ఆశ అక్కడితో సరి. పైగా 70 శాతం పద్ధతిలో పాఠకుడికి ఫైల్ పంపినందుకు, దాని సైజుని బట్టి మెగాబైటుకి 15 సెంట్ల చొప్పున డెలివరీ ఖర్చు కోస్తారు. బొమ్మలున్న పుస్తకాల వాళ్లకి అదో తలనొప్పి.

అసలు తమాషా చందా పథకంలో ఉంది. 2014లో కిండిల్ అన్‌లిమిటెడ్ మొదలైంది. నెలకింత కట్టి ఎన్ని పుస్తకాలైనా చదువుకోవచ్చు. మొదట్లో పాఠకుడు పుస్తకంలో పది శాతం దాటితే చాలు, రచయితకి వాటా వచ్చేది. చిన్న పుస్తకమైనా లావు పుస్తకమైనా ఒకటే వాటా. జనం ఊరుకుంటారా? ఒక నవలని ముక్కలు చేసి, ముక్కకో పుస్తకం చొప్పున వదిలారు. 2015 జూలై నుంచి లెక్క మారింది, చదివిన పేజీకి ఇంత అన్నారు. ఇక పుస్తకాలు లావెక్కడం మొదలైంది. పాత పుస్తకాలన్నీ 'బోనస్' పేరుతో వెనక కుట్టేశారు. కొందరైతే మొదటి పేజీలోనే లింకు పెట్టి పాఠకుణ్ణి చివరికి దూకించేవాళ్లు. మధ్యలో పేజీలన్నీ చదివినట్టే లెక్కలోకి వచ్చేవి మరి! తర్వాత ఒక పాఠకుడికి ఒక పుస్తకంలో 3,000 పేజీలకి మించి లెక్కించం అని గీత గీయాల్సి వచ్చింది.

మోసగాళ్ల సంగతి వదిలేయండి. నిజాయితీగా రాసేవాళ్ల కలం మీద కూడా ఈ లెక్క పనిచేస్తుంది. పేజీకి వచ్చేది చాలా నెలలు అర సెంటు లోపే. నా పన్నెండు పేజీల కథ ఒకరు మొదటి నుంచి చివరిదాకా చదివినా ఆరు సెంట్లు రావు. అదే కథని సాగదీసి, ఐదు భాగాల సీరీస్ చేస్తే? చేయొచ్చు. చాలామంది చేస్తున్నారు, కొందరు బాగానే చేస్తున్నారు. కానీ రాస్తూ రాస్తూ 'ఇక్కడ ఇంకో సీను పెడితే' అని నాకే అనిపించిన రోజున ఆ ఆలోచన కథలోంచి వచ్చిందా, రాయల్టీ రిపోర్టులోంచి వచ్చిందా అని అనుమానం వచ్చింది.

ఇంకో మెలిక ఉంది. ఈ పథకంలో పుస్తకం పెడితే 90 రోజులు దాని ఈబుక్ ఇంకెక్కడా అమ్మకూడదు, మన సొంత సైట్లో కూడా. నవలలు రాసే ఒక స్నేహితురాలు "నాకొచ్చేదాంట్లో ఎక్కువ భాగం అక్కణ్ణించే, నీకేం, కబుర్లు చెబుతావు" అంటుంది. ఆమె మాట కాదనలేను. వరుసగా సీరీస్ రాసేవాళ్లకి అది నిజంగానే జీతంలా పనిచేస్తుంది.

నేను మాత్రం విడి కథలు మానేసి సంపుటాలుగానే వేస్తున్నాను, 2.99కి తగ్గకుండా, దొరికిన స్టోర్లన్నింటిలో. మీరు 90 రోజుల పద్ధతిలో చేరాలనుకుంటే చేరండి. కాకపోతే ఆటోమేటిక్‌గా రెన్యూ అయ్యే టిక్కు ఒకటి ఉంటుంది, ముందు అది తీసేయండి.