కాగితపు పట్టీని కత్తిరించాక అర్థమైన 45ఎస్

మొదటిసారి పరీక్ష రాసినప్పుడు రైబోసోమల్ ఆర్‌ఎన్‌ఏ (ప్రోటీన్లు తయారుచేసే రైబోసోమ్‌లలో ఉండే ఆర్‌ఎన్‌ఏ) దగ్గర నాకు మార్కులు పోయాయి. మన కణాల్లోని దాని నాలుగు రకాలను 18ఎస్, 5.8ఎస్, 28ఎస్, 5ఎస్ అని వల్లె వేసుకొని వెళ్లాను. '45ఎస్ పూర్వగామి నుంచి రానిది ఏది?' అని (పూర్వగామి అంటే ముక్కలుగా కత్తిరించకముందు ఉండే పొడవాటి ఆర్‌ఎన్‌ఏ) అడిగితే 5.8ఎస్ అని గుర్తించాను. అసలు జవాబు 5ఎస్. ఆ బాధ చాలా రోజులు పోలేదు.

రెండోసారి వల్లె వేయడం మానేశాను. పొడవాటి కాగితపు పట్టీ మీద ఎడమ నుంచి కుడికి 18ఎస్, 5.8ఎస్, 28ఎస్ అని మూడు రంగుల్లో రాసి, చివరల్లోనూ మధ్యలోనూ తెల్లగా వదిలాను. ఆ తెల్లని భాగాలే స్పేసర్లు, అంటే చివరికి రైబోసోమ్‌లో చేరని భాగాలు. కేంద్రకంలోని న్యూక్లియోలస్‌లో ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్-1 అనే ఎంజైమ్ ఈ పట్టీనంతా ఒకే పోగుగా తయారుచేస్తుంది. 18ఎస్, 5.8ఎస్‌ల మధ్య కత్తెర వేయగానే 18ఎస్ చేరే చిన్న ఉపప్రమాణం (రైబోసోమ్‌లోని చిన్న భాగం) దారి, మిగతా రెండూ చేరే పెద్ద ఉపప్రమాణం దారి కళ్ల ముందే విడిపోయాయి. తెల్లని ముక్కలు బల్ల మీద మిగిలాయి. కణమైతే వాటిని విచ్ఛిన్నం చేసేస్తుంది. 5ఎస్‌కు ఆ పట్టీలో చోటే లేదు. దాని జన్యువులు వేరు, దాన్ని తయారుచేసేది పాలిమరేజ్-3.

బ్యాక్టీరియాకు మాత్రం ఇంకో పట్టీ కావాలి. అక్కడ 16ఎస్, 23ఎస్, 5ఎస్ మూడూ ఒకే పూర్వగామిలో ఉంటాయి, ఆర్‌నేజ్-3 అనే ఎంజైమ్ కోతలు వేస్తుంది. ఇక్కడ 5ఎస్ కూడా పట్టీలోనే ఉండటమే నా తికమకకు మూలం. రెండు పట్టీలనూ పక్కపక్కనే పెట్టి చూడండి.

ఎస్ విలువలను కూడబోకండి. 18, 5.8, 28 కలిపితే 51.8 వస్తుంది, పూర్వగామి 45 మాత్రమే! ఎస్ అనేది అవక్షేపణ వేగానికి, అంటే గిర్రున తిప్పినప్పుడు అడుగుకు దిగే వేగానికి కొలత, ఆకారాన్ని బట్టి కూడా మారుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి స్నో-ఆర్‌ఎన్‌ఏలు, అంటే న్యూక్లియోలస్‌లో ఉండే చిన్న ఆర్‌ఎన్‌ఏలు. రైబోసోమల్ ఆర్‌ఎన్‌ఏలో ఎక్కడ రసాయన మార్పు చేయాలో క్షార జతల ద్వారా ఇవే చోటు చూపిస్తాయి. సి/డి బాక్సు రకం ఆర్‌ఎన్‌ఏలోని చక్కెర అయిన రైబోజ్‌కు మిథైల్ చేర్చే చోటును, హెచ్/ఏసీఏ రకం ఆర్‌ఎన్‌ఏలోని యూరిడిన్ అనే ఘటకాన్ని సూడోయూరిడిన్‌గా మార్చే చోటును చూపుతాయి. యూ3 అనే స్నో-ఆర్‌ఎన్‌ఏ కూడా సి/డి రకమే, అయితే దాని పని కోతలకు తోడ్పడటం. స్ప్లైసింగ్‌లో (ఆర్‌ఎన్‌ఏలో అక్కర్లేని భాగాలను తీసి మిగతావి అతికించడంలో) పనిచేసే యూ1, యూ2ల పక్కన చదివి దీన్ని అందులో కలిపేయకండి.

రెండోసారి పరీక్షలో తక్కువ మోతాదులో ముఖ్యంగా పాలిమరేజ్-1ను ఆపే యాక్టినోమైసిన్-డి అనే మందు గురించి అడిగారు. పట్టీ గుర్తొచ్చింది. పాలిమరేజ్-1 ఆగితే పట్టీయే పుట్టదు, 5ఎస్ తయారీ మాత్రం సాగుతూనే ఉంటుంది. ఈసారి తడబడకుండా గుర్తించాను.