నా రైఫిల్‌కు భుజం పట్టీ అమర్చుకున్న అనుభవం

నాది చెక్క స్టాక్ (బ్యారెల్‌ను, అంటే గొట్టాన్ని, పట్టి ఉంచి వెనక భుజానికి ఆనే భాగం) ఉన్న బోల్ట్ రైఫిల్. అంటే ప్రతి గుండుకూ బోల్ట్ అనే లోహపు కడ్డీని చేత్తో వెనక్కి లాగి ముందుకు నెట్టాలి. స్కోప్‌తో (గురి చూసే దుర్బిణితో) కలిపి 4 కిలోలకు కాస్త తక్కువ తూగుతుంది. కాల్పుల రేంజ్‌లో బల్ల దగ్గర కూర్చుని కాల్చినన్నాళ్ళూ ఆ బరువు నా దృష్టికే రాలేదు. ఎత్తుపల్లాల్లో నడుస్తూ ఒక్కో చోట ఆగి ఒక్కో గురిని కొట్టవలసిన పోటీలకు వెళ్ళడం మొదలుపెట్టాక మాత్రం, రెండు చేతులూ ఖాళీగా ఉంచే భుజం పట్టీ లేనిదే సాయంత్రానికి చేతులు వణుకుతాయని, వణికే చేతులతో గురి కుదరదని తెలిసివచ్చింది.

స్టాక్‌కు పట్టీ తగిలించే ఏర్పాటేదీ లేనందువల్ల, చెక్కకు ఉచ్చులా బిగుసుకునే ఒక సన్నని నైలాన్ పట్టీతో మొదట సరిపెట్టుకున్నాను. రెండోసారి బయటికి వెళ్ళినప్పుడే దాని కొస బకిల్ లోంచి జారిపోయి, రైఫిల్ నా వీపు మీదుగా జారి రాళ్ళ మీద పడింది. మ్యాగజైన్ (గుళ్ళు పెట్టే పెట్టె) తీసేసి, చాంబర్ (పేలే ముందు గుండు కూర్చునే చోటు) ఖాళీగా ఉంచుకుని నడుస్తున్నాను కాబట్టి ప్రమాదమేమీ జరగలేదు. కాని స్కోప్‌కు దెబ్బ తగిలింది. మర్నాడు 100 మీటర్ల దూరంలో కాల్చి చూస్తే గుళ్ళు గురికి జానెడు పక్కగా పడ్డాయి. కొసను బకిల్‌లో ఒక్కసారే దూర్చి వదిలెయ్యడం నేను చేసిన తప్పు. దానిని వెనక్కి మళ్ళించి నడిమి కడ్డీ మీదుగా మళ్ళీ దూర్చితే, లాగే బరువే పట్టీని నొక్కి పట్టి ఉంచుతుంది. ఆ తరువాత కూడా కనీసం 2 అంగుళాల కొస మిగిలి ఉండాలి.

ఈసారి తొందరపడకుండా, నడిచేటప్పుడు రైఫిల్ ఎలా ఉండాలన్న దానితో ఆలోచన మొదలుపెట్టాను. ఒకే చోట తగిలించే పట్టీ పొట్టి తుపాకులకు బాగుంటుంది; నా రైఫిల్ అంత పొడవైనది అలా వేలాడితే అడుగడుగునా మోకాలికి కొట్టుకుంటుంది. అందుకే ముందొకటి, మడమ (స్టాక్‌లో భుజానికి ఆనే చివర) దగ్గరొకటి, రెండు చోట్ల తగిలించేదే తీసుకోవాలని నిశ్చయించుకున్నాను. ఇక వెడల్పు. అంగుళం పట్టీ, అంగుళంపావు పట్టీ చేతిలో పట్టుకుని చూస్తే పెద్ద తేడా కనిపించదు, కాని అదే బరువు ఎక్కువ చోటు మీద పరచుకుంటే భుజానికి ఎంత సుఖమో రెండో గంటలో తెలుస్తుంది. నైలాన్ గట్టిది, త్వరగా ఆరుతుంది, అయితే నునుపైన కోటు మీద నిలవదు. స్పాంజిలా సాగే నియోప్రీన్ భుజానికి మెత్తగా ఉండి బరువు తగ్గినట్టే అనిపిస్తుంది గాని, నడిచే కొద్దీ రైఫిల్ పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపు నాకు ఎంతమాత్రం నచ్చలేదు. తోలు తడిస్తే సాగుతుంది, నూనె పెట్టి చూసుకోవాలి. అయినా బట్టను పట్టుకుని నిలుస్తుంది, చప్పుడు చెయ్యదు.

చివరికి అమెరికా సైన్యం 1907 నమూనాగా తెచ్చిన తోలు పట్టీ తరహాలో చేసినదాన్ని ఎంచుకున్నాను. అది రెండు ముక్కల పట్టీ. జంట బెజ్జాల్లో ఇత్తడి కొక్కేలు తగిలించి పొడవు మార్చుకుంటారు. నడిచేటప్పుడు మోసే పట్టీగానూ, కాల్చేటప్పుడు పై చేతికి ఉచ్చుగా వేసుకుని రైఫిల్‌ను కదలకుండా బిగించే పట్టీగానూ పనికివస్తుంది. సర్దుకోవడం అలవాటయ్యేదాకా విసుగు పుట్టిస్తుందన్నది నిజమే. ఆ విసుగుకు తగ్గ ఫలితం మాత్రం ఉంది.

పట్టీ తగిలించాలంటే స్టాక్‌కు ముందొకటి, వెనకొకటి స్టడ్ (చిన్న లోహపు మొల) బిగించాలి. వాటికి బెజ్జాలు వేసే పనికి పూనుకునే ముందు చాంబర్ ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ చూసుకుని, బోల్ట్ తీసి పక్కన పెట్టి, బ్యారెల్‌ను స్టాక్ నుంచి విడదీశాను. వెనక స్టడ్‌కు మడమ చివర నుంచి 2.5 అంగుళాలు కొలిచి, అడుగు భాగంలో సరిగ్గా నడిమి గీత మీద గుర్తు పెట్టాను. పాలిష్ పెచ్చులూడకుండా ఆ చోట కాగితపు టేపు అంటించి, ఎంత లోతు దిగాలో తెలియడానికి డ్రిల్ బిట్‌కు కూడా ఒక చుట్టు టేపు వేశాను. స్క్రూ మరలను వదిలేసి లోపలి కాండం ఎంత మందమో అంత సన్నని బెజ్జం ముందు వెయ్యాలి. మరలు లేని పై భాగానికి మాత్రం దానిని కొంచెం వెడల్పు చెయ్యాలి. ఈ రెండో పని మానేస్తే స్క్రూ బిగుస్తున్న కొద్దీ చెక్క చీలుతుంది. మరలకు మైనం రాసి, బెజ్జంలోకి తేమ చేరకుండా లోపలంతా చెక్క నూనె పూసి, స్టడ్‌ను చేత్తోనే నెమ్మదిగా తిప్పుతూ దించాను.

అసలు కష్టమంతా ముందు స్టడ్‌తోనే వచ్చింది. అది చెక్కలో దిగే స్క్రూ కాదు. స్టాక్‌ను ఆరపార తొలిచి, బ్యారెల్ కూర్చునే గాడి వైపు నుంచి నట్‌తో బిగించాలి. నట్ తల గాడిలోకి పొడుచుకు రాకూడదు కాబట్టి దాని కోసం లోపల చిన్న గుంట తవ్వాను. అన్నీ బిగించాక బ్యారెల్‌కూ చెక్కకూ మధ్య ఒక కాగితపు ముక్కను జరుపుకుంటూ పోతే, సరిగ్గా నట్ దగ్గర ఆగిపోయింది. కాల్చినప్పుడు బ్యారెల్ కంపిస్తుంది. ఆ కంపనానికి ఒక చోట ఏదో అడ్డు తగిలి, పట్టీ లాగినప్పుడల్లా ఆ అడ్డు బలం మారుతూ ఉంటే, గుళ్ళు ఒకే చోట పడవు. మొత్తం విప్పి గుంటను వెంట్రుకవాసి చొప్పున లోతు చేస్తూ, ప్రతిసారీ బిగించి కాగితంతో పరీక్షిస్తూ పోయాను. నాలుగోసారికి కాగితం ఆ చివర నుంచి ఈ చివర దాకా ఎక్కడా ఆగకుండా జారింది.

స్టడ్‌లకు, వేలితో నొక్కితే ఊడివచ్చే స్వివెల్స్ (పట్టీని స్టడ్‌కు కలిపే లోహపు వలయాలు) తగిలించాను. వాటిలోనూ పొరపాటున తెరుచుకోకుండా బిగించే చిన్న గొళ్ళెం ఉన్నవే తీసుకున్నాను. లోహానికి లోహం తగిలి టిక్కుటిక్కుమంటుంటే వాటి మెడకు సన్నని తోలు ముక్క చుట్టాను. ఇంట్లోనే, కింద దుప్పటి పరిచి, రైఫిల్‌ను పట్టీతో ఎత్తి పట్టుకుని పలుమార్లు గట్టిగా కుదిపి చూశాను. ఆ తరువాతే బయటికి తీసుకువెళ్ళాను.

రేంజ్‌లో చేతికి ఉచ్చు వేసుకుని ఐదు గుళ్ళు, పట్టీ వదులు చేసి ఐదు గుళ్ళు కాల్చాను. రెండు గుంపులూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. బల్ల మీద మడమ కింద ఇసుక సంచి పెట్టుకున్నప్పుడు మాత్రం పట్టీ తీసేస్తాను, లేకుంటే వెనక స్వివెల్ సంచికి తగులుకుంటుంది. నడకలో గొట్టం పైకి ఉండేలా కుడి భుజాన వేసుకుంటాను. చెట్ల కింద వంగినప్పుడు అది ముందున్నవారి వైపు తిరుగుతుంది కాబట్టి, కొమ్మలు కనబడగానే రైఫిల్‌ను చేతిలోకి తీసుకుంటాను. మొదటి వాన తరువాత తోలు ఒక బెజ్జం మేర సాగింది. కొక్కేన్ని ఒక జత పైకి మార్చి, ముందు నట్‌ను మరోసారి బిగించి, కాగితం ముక్కను మళ్ళీ జరిపి చూశాను.